పప్పు పంట వేస్తే యూరియా ఫ్రీనా? ఆఫ్రికా పొలాల్లో ఒక వంటావిడ కథ

నమస్తే. ఇవాళ సూటిగా విషయంలోకి వెళ్లిపోతాను, ఎందుకంటే ఒక మాట వినీ వినీ విసుగొచ్చింది. ఆఫ్రికా రైతుల సంగతి ఎత్తితే చాలు, ఎవరో ఒకరు తేల్చేస్తారు: "గాలిలో 78 శాతం నత్రజనే కదా! పప్పుజాతి పంట వేస్తే నేలకి యూరియా ఫ్రీ. దానికి ఇన్ని దేశాల సైంటిస్టులు ఎందుకు?"

ఫ్రీ కాదండీ.

గాలిలోని నత్రజనిని కంది మొక్క నేరుగా వాడుకోలేదు. వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా దాన్ని వండి పెట్టాలి. అందుకే నేను దాన్ని వంటావిడ అంటాను. మొక్క ఆవిడకి ఉండడానికి గది ఇస్తుంది, తినడానికి చక్కెర ఇస్తుంది. యూరియా ఏమో కర్రీ పాయింట్. రోజూ కర్రీ పాయింట్ నుంచి ప్యాకెట్లు వస్తుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? మొక్కా అంతే. యూరియా ఎక్కువ పడితే బుడిపెలు తగ్గించుకుంటుంది.

మన గోల ఎప్పుడూ యూరియా ఎక్కువ వాడేస్తున్నామనే కాబట్టి, ఆఫ్రికాకీ అదే సలహా ఇచ్చేస్తాం. అక్కడ చాలా ఊళ్లకి కర్రీ పాయింటే అందుబాటులో లేదు. 2006లో నైజీరియా రాజధాని అబుజాలో ఆఫ్రికా దేశాలన్నీ ఎరువుల మీద సదస్సు పెట్టుకున్నప్పుడు సగటు వాడకం హెక్టారుకి 8 కిలోల పోషకాలు. మన 45 కిలోల యూరియా బస్తాలో ఒక్క నత్రజనే 20 కిలోలు దాటుతుంది. అంటే రెండున్నర ఎకరాలకి అర బస్తా పాటి కూడా కాదు! 2015 కల్లా దాన్ని 50 కిలోలు చేస్తామన్నారు. చేయలేకపోయారు.

సరే, వంటావిడ దగ్గరికి వద్దాం. 2009లో 'ఎన్‌టూ ఆఫ్రికా' అనే ప్రాజెక్టు మొదలైంది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ యూనివర్సిటీ నడిపింది, గేట్స్ ఫౌండేషన్ డబ్బిచ్చింది, నైజీరియాలోని ఇబడాన్‌లో ఉన్న ఐఐటీఏ (ఉష్ణమండల పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ) లాంటివి కలిశాయి. మొదటి దశలో 8 దేశాలు. వాళ్లు పట్టుకున్న ప్రశ్న నాకు భలే నచ్చింది: ఏ పంట రకానికి, ఏ బాక్టీరియా, ఏ నేలలో, ఏ రైతు చేతిలో పనిచేస్తుంది? నాలుగూ కుదిరితేనే వంట.

సోయాబీన్ సంగతే చూడండి. అది ఆసియా పంట. దానికి అలవాటైన బాక్టీరియా ఆఫ్రికాలో చాలా నేలల్లో లేదు. ఇల్లుంది, పొయ్యుంది, వంటావిడ లేదు. దీనికి రెండు దారులు. ఒకటి, వంటావిడని ప్యాకెట్‌లో తెచ్చుకోవడం. మన దగ్గర రైజోబియం కల్చర్‌ని బెల్లం పాకంతో విత్తనాలకి పట్టించి నీడలో ఆరబెడతారు చూడండి, దాదాపు అదే. కానీ ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణం. రేకుల షెడ్డులో, ఎండకి కాగే అరలో నెలల తరబడి పెడితే లోపల చచ్చిపోతుంది. పైకి ప్యాకెట్ మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది! రెండోది, ఐఐటీఏ వాళ్లు ఎంచుకున్నది: స్థానిక వంటావిడ ఎవరొచ్చినా సర్దుకుపోయే సోయా రకాలు తయారు చేయడం. ఇది నాకు ఇష్టమైన తెలివి.

వంటావిడ వచ్చింది, మరి గ్యాసో? ఆ గ్యాస్ పేరు భాస్వరం. అది లేని నేలలో బుడిపెలు సరిగా కట్టవు, కట్టినా పని నడవదు. ఉత్తర నైజీరియాలో అదే కల్చర్, అదే భాస్వరం ఇచ్చినా, ఒక చేలో దిగుబడి బాగా పెరిగింది, ఇంకో చేలో పెద్దగా కదల్లేదు. సగటు లెక్క చూసి రైతుకి మాటివ్వకూడదనేది అందుకే.

వంట జరుగుతోందో లేదో చూడాలంటే ల్యాబ్ అక్కర్లేదు.

(తెర మీద: చీల్చిన బుడిపె, దగ్గరగా)

పూత దశలో మొక్కని పీకకండి, బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో తవ్వి, నీళ్లలో కడిగి, ఒక బుడిపెని గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే పొయ్యి మీద గిన్నె ఉన్నట్టే. ఆ ఎరుపు మన హిమోగ్లోబిన్‌కి దగ్గరి చుట్టం. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆవిడ కూర్చుని ఉందన్నమాట.

ఇప్పుడు అసలు మెలిక. వండినదంతా ఎవరు తిన్నారు? సోయా తన నత్రజనిలో ఎక్కువ భాగం గింజలోకి లాగేస్తుంది. గింజ అమ్మేసి, కట్టె కూడా ఎత్తుకెళ్తే నేలకి మిగిలేది ఖాళీ గిన్నె. ఒక్కోసారి అప్పు కూడా! కంది అలా కాదు, ఆకు రాల్చి నేలకి వదులుతుంది. మలావీలో కందిని 'నందోలో' అంటారు. అక్కడ పరిశోధకులు, రైతులు కలిసి వేరుశనగలో కంది వేసి, మరుసటి ఏడు మొక్కజొన్న వేసే పద్ధతి తేల్చారు. అనంతపురం వాళ్లకి నవ్వొస్తుందేమో, వేరుశనగలో కంది మనకి పాతదే కదా! మన పటాన్‌చెరు ఇక్రిశాట్ కూడా మలావీ కంది రకాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. చిక్కల్లా మేకలతో. మొక్కజొన్న కోశాక పశువుల్ని వదిలేస్తారు, చేలో పచ్చగా నిలబడి ఉండేదేమో కందే. పంట, బాక్టీరియా, నేల, రైతు అన్న ఆ నాలుగింటి లెక్కలో మేక లేదు!

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. మొక్కజొన్నకి వంటావిడ లేదు, కాబట్టి కొంత కర్రీ పాయింట్ తప్పదు. "ఆఫ్రికాకి యూరియానే వద్దు" అనేవాళ్లతో నాకు పేచీ అక్కడే. అలాగని అక్కడ అంతటా కొరతే అనుకోకండి. 2013లో అంతర్జాతీయ నత్రజని సదస్సు ఉగాండాలోని కంపాలాలో జరిగింది. ఆ ఊరి పక్కనే విక్టోరియా సరస్సు. చుట్టూ పొలాలు నత్రజని లేక అలమటిస్తుంటే, కొట్టుకొచ్చిన మట్టి, ఊళ్ల మురుగు కలిసి సరస్సులో గుర్రపు డెక్కని మేపుతున్నాయి. అది ఇంకో వీడియో.

ఈలోగా మీ చేలో కందో, వేరుశనగో ఉంటే ఒక్క బుడిపె చీల్చి ఫోటో పంపండి. తెల్లగా ఉన్నా సరే.