కేన్సర్ వైద్యం అయ్యాక ఇంట్లో: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. కేన్సర్ వైద్యం పూర్తయి ఇంటికొచ్చిన భార్యనో, భర్తనో ఎలా చూసుకోవాలి? ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. స్టూడియోలో కేన్సర్ డాక్టరు గారు ఉన్నారు. తెనాలి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్, పేరు చెప్పనక్కర్లేదు.

కాలర్: నమస్కారమండీ. మాది ఎరువుల షాపు. షాపు నుంచే చేస్తున్నాను, ఇంట్లో అయితే ఆవిడకి వినబడుతుందని. మా ఆవిడకి 47 ఏళ్లు. కిందటేడు కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. కీమో ఇచ్చారు, ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. ఆ తర్వాత రేడియేషన్. అన్నీ అయ్యి నాలుగు నెలలు దాటింది. ఇప్పుడు రోజూ ఒక మాత్ర, కనీసం ఐదేళ్లు వాడాలన్నారు.

డాక్టర్: టామాక్సిఫెనా?

కాలర్: అదేనండి. రిపోర్టులన్నీ బాగున్నాయి. చుట్టాలంతా గండం గడిచిందన్నారు. కానీ మనిషి లేవడం లేదండి. పొద్దున పదింటికే మళ్లీ మంచం ఎక్కుతుంది. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడుస్తోంది, నాకు తెలుస్తోంది. పనిమనిషిని పెట్టాను, వంటకి ఇంకొకావిడని పెట్టాను. చెంబుడు నీళ్లు కూడా ఎత్తనివ్వను. ఇంకా ఏం తక్కువ చేశానో అర్థం కావడం లేదు.

డాక్టర్: మీరు తక్కువేం చేయలేదండి. ముందు ఆ నీరసం సంగతి చెబుతాను. ఇది పని చేస్తే వచ్చి, పడుకుంటే పోయే అలసట కాదు. కీమో, రేడియేషన్ అయిన చాలామందికి నెలల తరబడి ఉంటుంది, కొందరికి ఏడాది దాటినా ఉంటుంది. బద్ధకం అనుకోకండి, అననివ్వకండి. రక్తం తక్కువగా ఉందా, థైరాయిడ్ ఎలా ఉంది, రాత్రి నిద్ర పడుతోందా, ఇవి ఒకసారి చూపించండి. వీటికి మందులున్నాయి. అవేమీ కాకపోతే ఈ నీరసానికి బాగా పనిచేసేది నడక. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ నిజం. రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టి, మెల్లగా అరగంటకి పెంచి, వారానికి ఐదు రోజులు నడవాలి. మీరు కూడా వెళ్లండి.

కాలర్: నడిపించాలనే నాకూ ఉంది. అరికాళ్లు మొద్దుబారాయంటుంది, ఎక్కడ పడిపోతుందోనని భయం.

డాక్టర్: కొన్ని కీమో మందులకి నరాలు అలా మొద్దుబారతాయి. చాలామందికి నెమ్మదిగా తగ్గుతుంది. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమనండి. వేడినీళ్లు కాలితో చూసుకోవద్దు, స్పర్శ తెలియక కాలుతుంది. కుడి చెయ్యి ఎలా ఉంది? వాపు ఉందా?

కాలర్: వాపంటే... సాయంత్రానికి గాజులు బిగుసుకుంటున్నాయని ఒకసారి అంది. రెండు గాజులు తీసి బీరువాలో పెట్టింది.

డాక్టర్: అదే వాపండీ. ఆవిడ చెప్పింది, మనం గాజుల సంగతి అనుకున్నాం. చంకలో గ్రంథులు తీశాక, ఆ చేతిలో ఊరే నీరు తిరిగి వెళ్లే దారి తగ్గిపోతుంది. మొదట్లోనే పట్టుకుంటే అదుపులో ఉంటుంది, ముదిరితే కష్టం. ఈ వారంలోనే మీ సర్జన్‌కి గానీ ఫిజియోథెరపిస్టుకి గానీ చూపించండి. చేతికి కొలిచి బిగువు తొడుగు ఇస్తారు, వ్యాయామాలు నేర్పుతారు. కత్తి గాటు, నూనె చుక్క, దోమకాటు, ఏదైనా ఆ చేతికి తగిలితే శుభ్రం చేసి మందు రాయాలి. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లిపోవాలి. వీలైనంత వరకు ఇంజెక్షన్లు, బీపీ ఎడమ చేతికే.

కాలర్: అందుకేనండి నేను ఏదీ ఎత్తనివ్వనిది.

డాక్టర్: అక్కడే నేను మీతో ఒప్పుకోను. ఆ చేత్తో అసలేమీ ఎత్తకూడదని ఒకప్పుడు మేమే చెప్పేవాళ్లం. ఇప్పుడు అలా చెప్పడం లేదు. ఫిజియో చెప్పినట్టు కొంచెం కొంచెంగా బరువు పెంచుకుంటూ పోతే చేతికి మంచిదే. ఒకటి అడుగుతాను, ఈ నాలుగు నెలల్లో ఆవిడ ఫలానా పని నేను చేస్తానని ఏమైనా అడిగారా?

కాలర్: అడిగిందండి. షాపుకి వస్తానంది. ఇంతకుముందు లెక్కలన్నీ ఆవిడే రాసేది. ఇక్కడ పురుగుమందుల వాసన, పైగా వచ్చేపోయే రైతులు అందరూ అడుగుతారు కదా అని వద్దన్నాను.

డాక్టర్: మందుల వాసన మంచిది కాదన్నది నిజమే. అయితే లెక్కల పుస్తకం ఇంటికి వెళ్లొచ్చు కదండీ? వంట ఒకావిడ చేతిలోకి, ఇల్లు ఇంకొకావిడ చేతిలోకి వెళ్లింది, లెక్కలు మీ చేతిలోకి వచ్చాయి. ఇక ఆవిడకి మిగిలింది మంచమే. మీరు ప్రేమతోనే చేశారు, నాకు తెలుసు. కానీ తన ఇంట్లో తన పనే లేకుండా పోతే మనిషికి ఎలా ఉంటుంది? రోజుకి గంట లెక్కలు రాయనివ్వండి. కూడికల్లో తప్పులు దొర్లినా, మాట మధ్యలో మర్చిపోయినా ఏమీ అనకండి. కీమో తర్వాత కొన్నాళ్లు జ్ఞాపకం అలా తడబడుతుంది. రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు మీరు?

కాలర్: హాల్లోనండి. నేను గురక పెడతాను, ఆవిడ నిద్ర చెడుతుందని.

డాక్టర్: గురక వల్లే అని ఆవిడకి చెప్పారా?

కాలర్: ...చెప్పలేదండి.

డాక్టర్: ఆపరేషన్ చేసిన చోటు మీరు చూశారా?

కాలర్: లేదండి. ఆవిడ చూపించలేదు, నేనూ అడగలేదు.

డాక్టర్: మరి ఆవిడ ఏమనుకుంటూ ఉంటుంది? రొమ్ము తీసేశాక భర్త గది మారాడు. కారణం మీ మనసులో ఉంది గానీ ఆవిడ చెవిన పడలేదు. ఈ రాత్రి మీ దిండు లోపలికి తీసుకెళ్లండి. గురక సంగతి మీ నోటితో చెప్పండి. మచ్చ చూపించమని తొందరపెట్టొద్దు, ఆవిడకి అనిపించినప్పుడు చూపిస్తుంది. ఆ టామాక్సిఫెన్ మాత్రతో రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు వస్తాయి. దగ్గరికి రావొద్దని చెయ్యి తోసేస్తే అది వేడి వల్ల కూడా కావచ్చు. నెలసరి కాకుండా రక్తం కనబడితే మాత్రం డాక్టరుకి చెప్పాలి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి.

కాలర్: ఒక్క మాటండి. మళ్లీ రాకుండా ఏటా ఒళ్లంతా తీసే పెట్ స్కాన్ చేయిస్తే మంచిదని మా బావమరిది అంటున్నాడు.

డాక్టర్: బాధేమీ లేకపోతే ఊరికే చేయించక్కర్లేదు. డబ్బు ఖర్చు, రిపోర్టు వచ్చేదాకా టెన్షన్. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చేత్తో పరీక్ష చేయాలి, ఎడమ రొమ్ముకి ఏటా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయాలి. ఎముకల్లో తగ్గని నొప్పి, వదలని దగ్గు, కొత్త గడ్డ కనబడితే తారీఖు కోసం ఆగకుండా వెళ్లాలి. చెకప్‌కి ముందు వారం ఇద్దరికీ నిద్ర ఉండదు. ఆవిడ భయంగా ఉందంటే ‘ఏం కాదులే’ అని మాట తుంచేయకండి. నాకూ భయంగానే ఉందని చెప్పండి.

కాలర్: సరేనండి. పుస్తకాలు సాయంత్రం తీసుకెళ్తాను. ఉంటానండి.

యాంకర్: నిజామాబాద్ నుంచి ఒక వాట్సాప్ మెసేజ్. కోడలు రాశారు. రేడియేషన్ అయిన భర్తకి అత్తగారు కంచం, గ్లాసు వేరుగా పెడుతున్నారట, పిల్లల్ని దగ్గరికి పోనివ్వడం లేదట.

డాక్టర్: కేన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. బయట మెషిన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు. అత్తగారిని వచ్చే చెకప్‌కి వెంట తీసుకెళ్లమ్మా, డాక్టరు నోటితో చెబితే నమ్ముతారు.

యాంకర్: విజయనగరం నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం. మా ఆయన లారీ డ్రైవరు. ఖైనీ అలవాటుంది. బుగ్గలో పుండు వచ్చి కేన్సర్ అన్నారు. ఆపరేషన్, ఆరు వారాల కరెంటు, అదే రేడియేషన్, అయ్యి ఐదు నెలలైంది. ఏం వండినా మట్టి తిన్నట్టుందంటారు. నిన్న కంచం తోసేశారు. మాట సరిగా రాదని ఎవరింటికీ రారు.

డాక్టర్: మీరు తింటున్నారా అమ్మా?

కాలర్: నేనా... ఆయన తిన్నాక. ఆయన తినకపోతే నాకూ ముద్ద దిగదు మేడం. మిషను కుట్టి నడుపుతున్నాను ఇల్లు.

డాక్టర్: ఆ సంగతికి మళ్లీ వస్తాను. ఆయన కోపం మీ వంట మీద కాదు. రేడియేషన్‌కి నాలుక రుచి, ఉమ్మి రెండూ దెబ్బతింటాయి. రుచి నెలల మీద కొంత కొంతగా వస్తుంది, నోరు ఎండడం ఇంకా ఎక్కువ కాలం ఉండొచ్చు. కారం, పులుపు పక్కన పెట్టండి. జారుగా ఉండేవి పెట్టండి: పప్పు కట్టు పోసి మెత్తగా పిసికిన అన్నం, నెయ్యి, పెరుగన్నం, ఉడికించి మెదిపిన గుడ్డు. మూడు పూటలు కాకుండా ఆరుసార్లు కొంచెం కొంచెంగా. పక్కన నీళ్లు ఉండాలి. లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంట సోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించమనండి. నోరు ఎంత తెరుస్తున్నారు? మూడు వేళ్లు నిలువుగా పడతాయా?

కాలర్: రెండు కూడా కష్టమే మేడం.

డాక్టర్: దవడ బిగుసుకుంటోంది. వ్యాయామాలు నేర్పిస్తారు, రోజూ చేయాలి, ఆలస్యం చేయకూడదు. మాటకి, మింగడానికి స్పీచ్ థెరపిస్టు ఉంటారు, మీ కేన్సర్ ఆసుపత్రిలో అడగండి. పన్ను నొప్పి వస్తే ఊళ్లో పీకించేయకండి. రేడియేషన్ అయిన దవడ ఎముక సరిగా మానకపోవచ్చు, ముందు మీ కేన్సర్ ఆసుపత్రిలో చూపించాలి. మెడకి కరెంటు పెట్టారు కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి. ఖైనీ మానేశారా?

కాలర్: మానేశానంటారు. మొన్న చొక్కా ఉతుకుతుంటే జేబులో పొట్లం దొరికింది. అడగలేదు మేడం, మళ్లీ గొడవ.

డాక్టర్: అడగాలమ్మా, దెబ్బలాడకుండా. కడుపు నిండిన వేళ చూసి, ‘ఇది దొరికింది, నాకు భయమేసింది’ అనండి. అలవాటు మానడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. 1800-11-2356కి చేస్తే ఉచితంగా సాయం చేస్తారు. ఇక మీ సంగతి. ఏడుపొచ్చినా, నిద్ర పట్టకపోయినా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, రాత్రి పగలు తెలుగులో మాట్లాడతారు. ఆయనకే కాదు, అది మీకు కూడా. వారంలో ఒక పూట ఆయన తమ్ముడినో, మీ అక్కనో వచ్చి కూర్చోమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

కాలర్: అలాగే మేడం. వీధి తలుపు చప్పుడైంది, వచ్చినట్టున్నారు. అన్నం పెట్టాలి, ఉంటాను.

డాక్టర్: మీరూ పెట్టుకోండమ్మా, పక్కనే కూర్చుని.