బ్రిటన్ స్టూడెంట్ వీసా తిరస్కరిస్తే

శ్రోతలందరికీ నమస్కారం.

బ్రిటన్ స్టూడెంట్ వీసా ఇవ్వలేమంటూ ఈమెయిల్ రాగానే చాలామంది అప్పీలు బాగా రాసిపెట్టేవాళ్ల కోసం పరుగులు తీస్తారు. ముందు చేయాల్సింది ఆ లెటర్‌ను తీరిగ్గా రెండుసార్లు చదవడం. తప్పు అధికారిదా, మన ఫైలుదా? ఇది తేలితేనే ఏ దారిన వెళ్లాలో తెలుస్తుంది.

స్టూడెంట్ వీసా విషయంలో జడ్జి ముందు వాదించుకునే మామూలు అప్పీలు ఇప్పుడు లేదు. ఉన్నది అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ. వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీసులోనే మరో అధికారి పాత ఫైలును మళ్లీ చూస్తారు. బ్రిటన్ బయటి నుంచి దరఖాస్తు చేసినవారికి నిర్ణయం అందాక 28 రోజులు గడువు. అక్కడే ఉండి వీసా పొడిగింపు అడిగినవారికి 14 రోజులే. ఫీజు 80 పౌండ్లు. ఒక నిర్ణయం మీద ఒక్కసారే అడగాలి. రివ్యూ తేలకముందే కొత్త దరఖాస్తు పెడితే రివ్యూ రద్దవుతుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం ఇక్కడ కుదరదు.

ఎక్కువగా దెబ్బతినేది డబ్బు లెక్క దగ్గర. ఫీజుకు, అక్కడి ఖర్చులకు కావలసిన మొత్తం ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. ఆ 28 రోజుల్లో చివరి రోజు, దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపుది కావాలి. షేర్లు చూపిస్తే చెల్లవు. ఇక 19వ రోజున ఏదో ఈఎంఐ కట్ అయి బ్యాలెన్స్ కాస్త కిందికి దిగిందనుకోండి. మర్నాడే డబ్బు వేసినా సరే, 28 రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. అధికారి దీన్ని పట్టుకుంటే అది ఆయన తప్పు కాదు. కొత్త స్టేట్‌మెంట్ జతచేద్దామంటే, రివ్యూలో మామూలుగా కొత్త పత్రాలు చూడరు. ఇలాంటప్పుడు 80 పౌండ్లు దండగ. ఖాతా సరిచేసుకుని కొత్తగా దరఖాస్తు చేయడమే మేలు.

డబ్బు తల్లిదండ్రుల ఖాతాలో ఉందనుకుందాం. జనన ధ్రువపత్రం, వాళ్ల సమ్మతి లేఖ రెండూ అప్‌లోడ్ చేశారు. అయినా లెటర్‌లో సమ్మతి లేఖ లేదని రాశారు. రివ్యూ అడగాల్సింది సరిగ్గా ఇలాంటి చోటే. ఎలా రాయాలంటే: 'లెటర్ రెండో పేరాలో సమ్మతి లేఖ లేదన్నారు. ఫలానా తేదీన, ఫలానా పేరుతో అప్‌లోడ్ చేసిన ఫైలులో మూడో పేజీ అదే.' అర పేజీ చాలు. ఇల్లు తాకట్టు పెట్టామనీ, పిల్లవాడి భవిష్యత్తు పోతుందనీ రాస్తే మనసు తేలికపడుతుందేమో గానీ ఫలితం మారదు.

ఇంటర్వ్యూలో జవాబులు నమ్మశక్యంగా లేవన్న కారణం కాస్త చిక్కుది. అది అధికారి అభిప్రాయం. మీరు చెప్పింది తప్పుగా రాసుకున్నారనో, కీలకమైన జవాబును అసలు పట్టించుకోలేదనో చూపగలిగితేనే రివ్యూకు బలం.

నకిలీ పత్రం పెట్టారన్నారా? అది తప్పుడు ఆరోపణైతే అస్సలు వదిలేయకండి. ఆ మచ్చతో 10 ఏళ్ల దాకా కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురికావచ్చు. పత్రం అసలైనదేనని బ్యాంకు నుంచో కాలేజీ నుంచో లేఖ తెచ్చుకుని గడువులోపే రివ్యూ అడగండి. ఇమిగ్రేషన్ లాయర్‌కు ఫీజు ఇవ్వడం సబబనిపించేది ఇక్కడే.

కొత్త దరఖాస్తుకు కొత్త కాస్, అంటే సీటు ఖాయమని చెప్పే నంబరు కావాలి. విశ్వవిద్యాలయం ఇచ్చే ఈ నంబరు ఒక్క దరఖాస్తుకే పనికొస్తుంది. రెండోసారి ఇవ్వడానికి విశ్వవిద్యాలయాలు వెనకాడతాయి. తమ విద్యార్థుల వీసా తిరస్కరణల శాతం పెరిగితే విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి వాళ్లకుండే స్పాన్సర్ లైసెన్సుకే ముప్పు మరి. కాబట్టి తిరస్కరణ లెటర్, సరిచేసిన పత్రాలు కలిపి పంపి, ఏం పొరపాటైందో, ఎలా దిద్దారో చెప్పి అడగండి. అక్కడి వైద్య సేవల కోసం ముందు కట్టిన హెల్త్ సర్‌చార్జ్ తిరిగి వస్తుంది, వీసా ఫీజు రాదు. కొత్త ఫారంలో పాత తిరస్కరణ గురించి అడుగుతారు. ఏ దేశంలో జరిగినా దాచకండి. దాచితే అదే మోసంగా లెక్కకడతారు.

రివ్యూ జవాబు కోర్సు మొదలయ్యేలోపు రాకపోవచ్చు. తరగతుల్లో చేరడానికి చివరి తేదీ ఎప్పుడో ముందే కనుక్కుని, అది దాటేలా ఉంటే సీటును తర్వాతి ఇన్‌టేక్‌కు మార్చమని వెంటనే అడ్మిషన్స్ ఆఫీసుకు రాయండి.