పాలిమర్ గొలుసులో అతుకు, విశ్వంలో గోడ

వ్యాఖ్యాత: నమస్కారం. బెంగళూరు నుంచి తెలుగులో సాగుతున్న ఈ విజ్ఞాన సంభాషణకు స్వాగతం. నేటి అతిథి ఒంగోలులో పుట్టి పెరిగి, చాలాకాలంగా ఈ నగరంలో పాలిమర్ ఎలక్ట్రానిక్స్ మీద పరిశోధన చేస్తున్న భౌతిక శాస్త్రవేత్త. డాక్టర్ గారూ, మీ ప్రయోగశాలలో జరిగేదేమో పలుచని ప్లాస్టిక్ పొరల పని, ఈ రోజు మీరు మాట్లాడతానన్నదేమో విశ్వం తొలి క్షణాల గురించి. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయమేనా?

అతిథి: అలా కట్టేస్తే మా విభాగంలోనే నన్నెవరూ నమ్మరండి. నేను చెప్పదలచిన సంగతి చాలా చిన్నది. ఒక పదార్థంలో క్రమం ఏర్పడేటప్పుడు అది రెండు చోట్ల రెండు రకాలుగా మొదలైతే, ఆ రెండూ కలిసే చోట ఒక అతుకు మిగిలిపోతుంది. కార్బన్ గొలుసులోని ఆ అతుకుకు మేము రాసుకునే సమీకరణమూ, విశ్వం చల్లబడిన తీరు మీద పనిచేసే సిద్ధాంతకర్తలు రాసుకునే సమీకరణమూ ఒకే కుదురులోనివి. నా వాదన అంతవరకే.

వ్యాఖ్యాత: అయితే గొలుసుతోనే మొదలుపెడదాం.

అతిథి: పాలీఎసిటిలీన్ అని ఒక పాలిమర్ ఉంది. కార్బన్ పరమాణువులు వరసగా ఉంటాయి, ఒక్కో కార్బన్‌కు ఒక హైడ్రోజన్ ఉంటుంది, పాలిమర్లలో అంతకంటే సాదా నిర్మాణం దొరకడం కష్టం. ఈ గొలుసులో బంధాలన్నీ సమానంగా ఉండి ఉంటే అది లోహంలా ప్రవర్తించేది. కాని ఏక బంధం, ద్వి బంధం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి కాబట్టి, పొట్టి బంధం 0.136 నానోమీటర్లు, పొడవు బంధం 0.144 నానోమీటర్ల దగ్గర స్థిరపడతాయి. తేడా నానోమీటరులో నూరో వంతు కూడా లేదు. అయినా ఆ కాస్త తేడాతోనే ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిల నడుమ దాదాపు 1.5 ఎలక్ట్రాన్‌వోల్టుల ఖాళీ ఏర్పడి, పదార్థం అర్ధవాహకం అవుతుంది. 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ దీనికి అయొడిన్ ఆవిరి పట్టించినప్పుడు వాహకత కోటి రెట్ల మేరకు పెరిగింది, ఆ పనికే 2000 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేసి, కరెంటును మోసింది ఏమిటన్న ప్రశ్న దగ్గరికి వస్తాను.

వ్యాఖ్యాత: ఎలక్ట్రాన్లే కదా మోసేది?

అతిథి: అందరూ ముందు అలాగే అనుకున్నారు. ఎలక్ట్రాన్ ఆవేశాన్నీ, స్పిన్‌నూ, అంటే దాన్ని చిన్న అయస్కాంతంలా చేసే గుణాన్నీ, కలిపి మోస్తుంది. కాబట్టి వాహకత పెరిగినకొద్దీ అయస్కాంత కొలతల్లో స్పిన్‌ల సంఖ్య కూడా పెరగాలి. పాలీఎసిటిలీన్‌లో తొలి దశ డోపింగ్‌లో, అంటే అయొడిన్ లాంటిది కొద్దికొద్దిగా పట్టించేటప్పుడు, వాహకత ఎగబాకుతున్నా స్పిన్‌లు ఆ లెక్కన పెరగలేదు. దీనికి 1979లో సు, ష్రీఫర్, హీగర్ ఇచ్చిన వివరణను, భౌతిక శాస్త్రవేత్తలు ఎప్పుడూ వాడే భోజనాల ఉదాహరణతోనే చెబుతాను. పెళ్ళి బంతిలో ప్రతి రెండు విస్తళ్ళ మధ్య ఒక మంచినీళ్ళ గ్లాసు పెట్టారనుకోండి. ఏ పక్క గ్లాసు తీసుకోవాలన్న నియమం లేదు. ఒక చివరివాళ్ళు కుడిపక్కది, రెండో చివరివాళ్ళు ఎడమపక్కది అందుకుంటే, చెరో చివర అందరికీ సరిపోయినట్టే ఉంటుంది, నడుమ ఎక్కడో ఒక మనిషికి మాత్రం రెండు పక్కలా గ్లాసు మిగలదు. గొలుసులో బంధాల క్రమం ఏక-ద్వి వరస నుంచి ద్వి-ఏక వరసకు మారే చోటు సరిగ్గా అదే. దానికి సాలిటాన్ అని పేరు. అది ఒక్క పరమాణువు దగ్గర తెగ్గొట్టినట్టు ఉండక, సుమారు పద్నాలుగు కార్బన్ల మేర పరుచుకొని గొలుసు వెంట సులువుగా జరుగుతుంది. మామూలు స్థితిలో దానికి స్పిన్ ఉంటుంది, ఆవేశం ఉండదు. అయొడిన్ అక్కడి నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుంటే ఆవేశం వస్తుంది, స్పిన్ పోతుంది. కొలతల్లో స్పిన్‌లు ఎందుకు పెరగలేదో దీనితో తేలిపోయింది. విశేషమేమిటంటే, 1976లోనే జాకివ్, రెబ్బి అనే ఇద్దరు సిద్ధాంతకర్తలు పాలిమర్ల ఊసే లేకుండా, కణ భౌతిక శాస్త్రం కోసం ఇదే ఫలితాన్ని కాగితం మీద రాబట్టారు.

వ్యాఖ్యాత: అదే ఏడాది విశ్వం వైపు నుంచి కూడా ఒక పత్రం వచ్చిందని అన్నారు.

అతిథి: అది టామ్ కిబుల్ రాసింది. ఆయన పనిచేసింది లండన్‌లోనైనా పుట్టింది 1932లో మద్రాసులో, తండ్రి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో అధ్యాపకులు. చెన్నైవాళ్ళు ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పుకోవచ్చని నా అభిప్రాయం. ఆయన వాదన ఇది. విశ్వం విస్తరిస్తూ చల్లబడుతున్నప్పుడు ఏదో ఒక క్షేత్రం, అంటే చోటంతటా పరుచుకొని ప్రతి బిందువు దగ్గరా ఒక విలువ ఉండే భౌతిక రాశి, రెండు సమాన స్థితుల్లో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తే, అప్పటికి ఒకదాని కాంతి ఒకదానికి చేరనంత దూరంలో ఉన్న ప్రాంతాలు ఒకదానితో ఒకటి సంప్రదించుకొనే వీలు లేదు. ఎవరి ఎంపిక వారిదే. ఎంపికలు వేరైన ప్రాంతాల నడుమ గోడలు, ఇంకా జటిలమైన క్షేత్రాలైతే తంత్రులు, అంటే సన్నని దారాల్లాంటి అతుకులు, మిగలక తప్పదు. అయితే అంతకు ముందే, 1974లో, జెల్డోవిచ్, కొబ్జరేవ్, ఒకున్ ఒక చిక్కు ఎత్తిచూపారు. ఇలాంటి గోడ ఒక్కటి మనకు కనిపించే విశ్వానికి అడ్డంగా నిలిచినా, దాని శక్తి మిగతా అన్నిటినీ మించిపోతుంది. ఆకాశమంతటా లక్షలో ఒక వంతు తేడాతో సమానంగా కనిపించే విశ్వ నేపథ్య వికిరణం, అంటే తొలినాళ్ళ వేడి నుంచి మిగిలిన వెలుగు, అలా ఉండే అవకాశమే లేదు.

వ్యాఖ్యాత: అంటే గోడలు అసలు ఏర్పడలేదనే కదా?

అతిథి: ఏర్పడలేదనవచ్చు, లేదా ఏర్పడి పోయాయనవచ్చు. నా పనికి దగ్గరైన సంగతి ఈ రెండో దానిలో ఉంది. ఈనాడు పరికరాల్లో వాడే పాలిమర్లలో చాలా పాలీథయోఫీన్ కుటుంబానికి చెందినవి. వాటిలో కూడా బంధాల క్రమాలు రెండు ఉన్నాయి గాని, రెండింటి శక్తి సమానం కాదు. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. రెండు అతుకులు విడిపోయి దూరంగా జరిగితే నడుమ ఉన్న గొలుసంతా ఎక్కువ శక్తి గల క్రమంలోకి పోవాలి, దూరం పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. కాబట్టి అవి విడిపోలేక జంటగా ఉండిపోతాయి. ఆ జంటనే మేము పోలరాన్ అనీ, రెండు ఆవేశాలుంటే బైపోలరాన్ అనీ అంటాం. సాలిటాన్ సిద్ధాంతం ఎంత సొగసైనదైనా, ఒంటరి సాలిటాన్ మా పరికరాల్లో కనిపించదు. విశ్వ సిద్ధాంతకర్తలు గోడల చిక్కుకు చూపే పరిష్కారాల్లో ఒకటి ఇదే. రెండు స్థితుల శక్తిలో ఇసుమంత తేడా ఉంటే చాలు, గోడ మీద ఒక వైపు నుంచి ఒత్తిడి పడి, గోడలు ఒకదానిలో ఒకటి కలిసి నశిస్తాయి.

వ్యాఖ్యాత: విశ్వాన్ని మళ్ళీ వేడిచేసి చల్లార్చలేం గదా. దీన్ని పరీక్షించేదెలా?

అతిథి: చల్లార్చగలిగినదాన్ని చల్లార్చి చూశారు. సిద్ధాంతకర్త జురెక్ 1985లో ద్రవ హీలియంతో చేయవచ్చన్నారు, 1990లలో ఇతరులు ద్రవస్ఫటికాలతో, అంటే ద్రవంలా పారుతూనే అణువులు ఒక వరసలో ఉండే పదార్థాలతో, చేసి చూపారు. 1994 నాటి ప్రయోగ పత్రం రచయితల్లో తరువాత భువనేశ్వర్ ఫిజిక్స్ సంస్థలో పనిచేసిన అజిత్ శ్రీవాస్తవ కూడా ఉన్నారు. బెంగళూరుకు ద్రవస్ఫటికాలతో పాత చుట్టరికం ఉంది: పళ్ళెం ఆకారపు అణువులతో ద్రవస్ఫటికాలు తయారవుతాయని 1977లో ఇక్కడి రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందమే మొదట చూపింది. కిబుల్ ప్రయోగానికి కడ్డీ ఆకారపు అణువులే చాలు. ఫైవ్ సీబీ అనే ద్రవస్ఫటిక పదార్థం సుమారు 35 డిగ్రీల దగ్గర క్రమం కోల్పోయి మామూలు ద్రవం అవుతుంది. చెన్నైలో మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగిపోతే అది ద్రవంగానే ఉండిపోతుంది, ఇక్కడ ఆ బెంగ తక్కువ. ఒక చుక్కను రెండు గాజు పలకల మధ్య పెట్టి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రం వదిలే పలకల) నడుమ మైక్రోస్కోప్ కింద వేడిచేస్తే దృశ్యం నల్లబడుతుంది. వేడి తగ్గించగానే వెలుగు బుడగలు అక్కడక్కడా పుట్టి, పెరిగి, ఒకదానికొకటి తగులుతాయి. తగిలిన చోట్ల సన్నని నల్లని గీతలు మిగులుతాయి. వలయంగా మూసుకున్న గీత కుంచించుకుపోతూ చటుక్కున మాయమవుతుంది. కిబుల్ చెప్పిన తంత్రులకు గణిత రీత్యా ఇవి దగ్గరి బంధువులు. బుడగకు సగటున ఎన్ని గీతలు మిగులుతాయో ఆయన పద్ధతిలో లెక్కకట్టవచ్చు, 1994 ప్రయోగంలో ఆ లెక్క సరిపోయింది.

వ్యాఖ్యాత: ఆకాశంలో మాత్రం ఆధారమేదీ లేదు కదా?

అతిథి: ఖాయమైనది లేదండి. విశ్వ నేపథ్య వికిరణాన్ని కొలిచాక, గెలాక్సీల పుట్టుకకు తంత్రులే మూలమన్న పాత ఊహ వీగిపోయింది. గోడల విషయంలో ఒక చిన్న దారి మిగిలింది. అవి నశించేటప్పుడు గురుత్వ తరంగాలు, అంటే దేశకాలంలో పుట్టే అలలు, రావాలి. 2023 జూన్‌లో పల్సార్ల, అంటే గడియారంలా క్రమంగా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాల, స్పందనలను ఏళ్ళ తరబడి కొలిచిన బృందాలు, అతి తక్కువ పౌనఃపున్యపు గురుత్వ తరంగాల జాడ ఉందని ప్రకటించాయి. వాటిలో పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోప్‌తో పనిచేసే భారతీయ బృందం కూడా ఉంది. ఎక్కువమంది మొగ్గు బృహత్ కృష్ణబిలాల జంటల వైపే, నాదీ అంతే. గోడలే కారణమైతే తరంగాల బలం ఒక పౌనఃపున్యం దగ్గర శిఖరానికి చేరి తగ్గాలి, కృష్ణబిలాలైతే పౌనఃపున్యం పెరిగినకొద్దీ నిలకడగా తగ్గుతూ పోవాలి. ఒక్క తరంగం పూర్తిగా దాటడానికే ఏళ్ళు పడుతుంది కాబట్టి, ఈ రెండింటిని వేరుచేయాలంటే ఇప్పుడున్నవాటికంటే చాలా పొడుగాటి కొలతల వరస కావాలి.