పదమూడో వీధి మూల: సాక్షులు చెప్పింది, తూటా చెప్పలేనిది

(చెన్నైలో తెలుగు జూనియర్ న్యాయవాదుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కోర్టు నుంచి నేరుగా వచ్చిన మీలో కొందరి మెడకి బ్యాండ్లు అలాగే ఉన్నాయి. ఉపోద్ఘాతం మానేసి కేసులోకి వెళ్దాం.

1981 డిసెంబర్ 9, తెల్లవారుజాము నాలుగు కావస్తోంది. ఫిలడెల్ఫియాలో పదమూడో వీధి, లోకస్ట్ వీధి కలిసే మూల. డేనియల్ ఫాక్నర్ అనే పోలీసు ఒక ఫోక్స్‌వ్యాగన్ కారు ఆపాడు. దాన్ని నడుపుతున్నవాడి అన్న ముమియా అబూ-జమాల్ జర్నలిస్టు. ఆ రాత్రి టాక్సీ నడుపుతూ అక్కడికొచ్చాడు. ఫాక్నర్‌కి వీపులో, ముఖంలో తూటాలు తగిలాయి, చనిపోయాడు. అబూ-జమాల్ ఛాతీలో దిగింది ఫాక్నర్ తుపాకీ తూటా. 1982లో అబూ-జమాల్‌కి మరణశిక్ష పడింది. 2001లో ఫెడరల్ కోర్టు శిక్షని కొట్టేసి, దోషి అన్న నిర్ణయాన్ని ఉంచింది. 2011లో ప్రాసిక్యూషన్ మరణశిక్ష పట్టు వదిలింది. మిగిలింది యావజ్జీవం.

ముందు తుపాకీ సంగతి. అతని పేరు మీదున్న పాయింట్ 38 చార్టర్ ఆర్మ్స్ రివాల్వర్ అక్కడే దొరికింది. అందులో ఐదు గదులు, ఐదింటిలోనూ పేలిన తూటాల ఖాళీ కేసులే (మందు ఉండే లోహపు గొట్టాలు). పిస్టల్ అయితే కేసు బయటికి ఎగిరి నేల మీద పడుతుంది. రివాల్వర్‌లో సిలిండర్‌లోనే ఉండిపోతుంది. డిఫెన్స్ ఎంత వాదించినా, ఈ ఒక్క వస్తువు బరువు తగ్గదని నా అభిప్రాయం.

కానీ శవంలోంచి తీసిన తూటా నలిగిపోయింది. గొట్టం లోపలి మెలిక గాడులు ఆ తరహా తుపాకీతో సరిపోయాయి. ఆ ఒక్క తుపాకీదే అనడానికి కావలసిన సన్నటి గీతలు మాత్రం పోల్చే స్థితిలో లేవు. ‘ఈ రకం తుపాకీ’ అనడం వేరు, ‘ఈ తుపాకీ’ అనడం వేరు. రిపోర్టులో ఏది రాశారో చూడకుండా నిపుణుణ్ణి క్రాస్ ఎగ్జామిన్ చేయొద్దు. పోస్ట్‌మార్టం డాక్టరు తన చేతిరాత నోట్సులో ‘పాయింట్ 44’ అని రాసుకున్నాడు. అది ఉజ్జాయింపు మాత్రమేనని 1995లో చెప్పాడు. ఆ నోట్సు 1982 జూరీకి తెలియనే తెలియదు.

అబూ-జమాల్ చేతులకి తుపాకీ మందు అవశేషాల పరీక్ష చేయలేదు. కదిలే చేతుల మీద సీసం, యాంటిమొనీ, బేరియం కణాలు కొన్ని గంటల్లోనే రాలిపోతాయి. పెనుగులాడినా, తుడుచుకున్నా ఇంకా ముందే పోతాయి. అందుకే కడగకముందే స్వాబ్ తీయాలి. వీలుకాకపోతే చేతులకి కాగితపు సంచులు కట్టాలి. ప్లాస్టిక్ కడితే చెమట పట్టి పాడవుతుంది. ఆ రోజు ఒక ఫ్రీలాన్సర్ తీసిన ఫోటోల్లో ఒక పోలీసు తుపాకుల్ని ఒట్టి చేత్తో పట్టుకుని కనిపిస్తాడు. మన దగ్గరైతే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ కింద స్వాధీనాన్ని వీడియో తీయాలి. మహజర్‌లో (స్వాధీనం పంచనామాలో) రాసిన సమయం, వీడియోలో సమయం, మైలాపూర్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కి చేరిన లక్క సీలు వివరం, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

సాక్షుల్లో ఒక టాక్సీ డ్రైవరు ఉన్నాడు. నిప్పు పెట్టిన కేసులో ప్రొబేషన్ మీద ఉన్నవాడు. ఆ సంగతి జూరీకి చెప్పడానికి కేసు విన్న జడ్జి సాబో ఒప్పుకోలేదు. మరో సాక్షి వ్యభిచారం కేసుల్లో పలుమార్లు అరెస్టయిన మహిళ. అలాంటివాళ్లు అబద్ధమే చెబుతారనుకోవడం తప్పు. పోలీసుల చేతిలో కేసున్న సాక్షికి, చచ్చినవాడు పోలీసే అయినప్పుడు, ఏ ఆశ ఉంది, ఏ భయం ఉంది అని అడగడం మాత్రం న్యాయమే. మన మద్రాసు నుంచే వెళ్లిన వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు 1957లో సాక్షుల్ని మూడు రకాలు చేసింది: పూర్తిగా నమ్మదగ్గవాళ్లు, పూర్తిగా నమ్మరానివాళ్లు, రెండింటికీ మధ్యవాళ్లు. ఈ మూడో రకానికే వస్తుసాక్ష్యం ఊతం కావాలి. ఇక్కడ ఆ ఊతంలో సగం సేకరించనే లేదు.

అన్నిటికన్నా చిక్కు ఆసుపత్రి ‘ఒప్పుకోలు’. ‘నేనే కాల్చాను’ అని అబూ-జమాల్ అక్కడ అరిచినట్టు ఒక సెక్యూరిటీ గార్డు, ఒక పోలీసు చెప్పారు. దర్యాప్తు అధికారులకి ఆ మాట చేరింది రెండు నెలలు దాటాక. గార్డు మాత్రం మర్నాడే తన పైవాళ్లకి చెప్పానంది. అబూ-జమాల్‌కి కాపలా ఉన్న ఇంకో పోలీసు ఆ రోజు రిపోర్టులో ‘ఏమీ మాట్లాడలేదు’ అని రాశాడు. విచారణ వేళకి సెలవులో ఉన్నాడు, అతని కోసం జడ్జి వాయిదా ఇవ్వలేదు. 1995లో అతనే బోనెక్కి తానూ విన్నానన్నాడు.

మన దేశంలో అయితే పోలీసు కస్టడీలో, మేజిస్ట్రేట్ ఎదుట కాకుండా అన్న ఒప్పుకోలు కొత్త సాక్ష్య చట్టం బీఎస్‌ఎ 23వ సెక్షన్ దగ్గరే ఆగిపోతుంది. అయినా ఆలస్యంగా పుట్టిన మాటలు చార్జిషీట్లలో వేరే రూపంలో వస్తూనే ఉంటాయి. అందుకే బీఎన్‌ఎస్‌ఎస్ 180 కింద పోలీసులు తీసుకున్న సాక్షి వాంగ్మూలం మీద రాసిన తేదీ ఒక్కటే చూడొద్దు, అది మేజిస్ట్రేట్ కోర్టుకి చేరిన ముద్ర తేదీ చూడండి. ముఖ్యమైన విషయం అందులో లేకపోతే, ముందు సాక్షిని ఆ లోపం మీద అడగండి. తర్వాత ఐ.ఓ. (దర్యాప్తు అధికారి) బోనెక్కినప్పుడు ‘ఈ మాట నీ దగ్గర చెప్పాడా’ అని మళ్లీ అడగండి. ఈ రెండో ప్రశ్న మర్చిపోతే లోపం రుజువైనట్టు కాదు. ఎంత బాగా క్రాస్ చేసినా అది రికార్డులో అడిగిన ప్రశ్నగానే మిగిలిపోతుంది.