మా తెలుగు చర్చిలో ఓ నర్సరీ గది

అందరికీ వందనాలండీ. ఈరోజు వ్లాగ్‌లో డాలస్ షాపింగ్ లేదు, హోమ్ టూర్ లేదు. మా తెలుగు సంఘంలో ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కోసం జరిగే పరిచర్య చూపిస్తాను. పిల్లల ముఖాలు మాత్రం కనిపించవు. వ్యూస్ తగ్గితే తగ్గనీయండి, వాళ్లని కంటెంట్ చేయడం నాకిష్టం లేదు.

మాకు సొంత బిల్డింగ్ లేదు. ఒక అమెరికన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. ఇది వాళ్ల నర్సరీ గది. సగం లైట్లు ఆపేసి, బీన్ బ్యాగులు వేసి, గోడకి బొమ్మల కార్డులు అంటిస్తాం: పాట, ప్రార్థన, వాక్యం, భోజనం. ఒక్కొక్కటీ అయ్యాక పిల్లలే తీసి డబ్బాలో వేస్తారు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే వాళ్లకి టెన్షన్ తగ్గుతుంది. ఒక బాబు మాత్రం వచ్చీరాగానే భోజనం కార్డు పీకేస్తాడు. పక్క హాల్లోంచి బిర్యానీ వాసన వస్తుంటే వాణ్ణి ఏమంటాం!

ఆ కొక్కేనికి వేలాడుతున్నవి శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్స్. మన ఆరాధన సంగతి తెలుసుగా, కీబోర్డు, రిథమ్ ప్యాడ్, చప్పట్లు, ఎకో పెట్టిన మైకు. మనకి ఉత్సాహమే గానీ, శబ్దం పడని పిల్లలు చెవులు మూసుకుని ఏడుస్తారు. అందుకే హెడ్‌ఫోన్స్ కొన్నాం, క్వయర్‌ని బతిమాలి సౌండ్ కూడా తగ్గించాం. ఈ రెండోదానికే ఎక్కువ ప్రార్థన పట్టింది.

ప్రతి బిడ్డకీ తోడుగా ఒక బడ్డీ ఉంటారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ (పాత నేరాలేమైనా ఉన్నాయేమో చూసే తనిఖీ) అయినవాళ్లే. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. డయపర్ మార్చాలంటే అమ్మకో నాన్నకో మెసేజ్ వెళ్తుంది. "అందరం మనవాళ్లమే కదా, ఈ చెక్‌లెందుకు" అని కొందరు నొచ్చుకున్నారు. మనవాళ్లైనా తప్పదండీ.

అసలు ఈ గది అమ్మానాన్నల కోసం కూడా. వాళ్లని చర్చికి దూరం చేసేది పిల్లల అల్లరి కాదు, మన మాటలు. "ఇంట్లో ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోమ్మా" అంటారు. "ఉపవాస ప్రార్థన పెట్టించండి, మాటలు వచ్చేస్తాయి" అంటారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగిందీ ఇదే కదా: పుట్టు గుడ్డివాడు పాపం చేశాడా, అతని కన్నవాళ్లా అని. ఇద్దరూ కాదని యేసు అప్పుడే చెప్పేశాడు. ప్రార్థన వద్దని నేననట్లేదు. ప్రార్థన చేసిన ఆంటీయే వచ్చి ఒక గంట ఆ బిడ్డ పక్కన కూర్చుంటే, ఆ తల్లి వాక్యం చివరిదాకా వింటుంది.

అమెరికాలో 1990లో ఏడీఏ చట్టం వచ్చింది. షాపులు, హోటళ్లు వికలాంగులకు అందుబాటులో ఉండాలని అది చెప్తుంది, కానీ చర్చిలకీ గుళ్లకీ అందులో మినహాయింపు ఉంది. అంటే ఎవరూ మనల్ని అడగరు, మనమే పూనుకోవాలి. అలా పూనుకున్నవాళ్లూ ఉన్నారు. 1967లో నీళ్లలోకి డైవ్ చేసి మెడ కింద చచ్చుబడిపోయిన జోనీ ఎరెక్సన్ టాడా, 1979లో వికలాంగుల కోసం జోనీ అండ్ ఫ్రెండ్స్ అనే క్రైస్తవ పరిచర్య మొదలుపెట్టారు. 2015 నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు టిమ్ టీబో ఫౌండేషన్ వాళ్లు ఫిబ్రవరిలో, వాలెంటైన్స్ డేకి ముందొచ్చే శుక్రవారం, చర్చిలతో కలిసి 'నైట్ టు షైన్' జరుపుతున్నారు. ఇలాంటి ప్రత్యేక అవసరాలుండి, 14 ఏళ్లు నిండినవాళ్లకి రెడ్ కార్పెట్, డాన్సు, తలకి కిరీటం! మనవాళ్లు పట్టుచీర కట్టించి, షేర్వాణీ వేయించి తీసుకెళ్లండి, అదిరిపోతుంది.

అయితే గది ఉంది కదా అని వాళ్లని ఎప్పుడూ అక్కడే ఉంచేస్తే అది దాచిపెట్టడమే అవుతుంది. మా దగ్గర డౌన్ సిండ్రోమ్ ఉన్న కుర్రాడొకడు ఇప్పుడు కానుకల సంచి పట్టుకుని వరుసల్లో తిరుగుతున్నాడు. ఎవరైనా చూడనట్టు ఫోన్లోకి తల దించేస్తే, సంచి అక్కడే పెట్టి, నవ్వుతూ నిలబడతాడు. నోటు పడేదాకా కదలడు. మా ట్రెజరర్ గారికి అతనంటే ప్రాణం.