రాళ్ళవాన కొట్టిన మొక్కలకి మొదటి 3 వారాలు

నమస్కారం అండీ. మార్చి నుంచి మే దాకా, మధ్యాహ్నం ఎండ మండిపోయి సాయంత్రానికి మబ్బు నల్లగా కమ్మి, గాలి ఒక్కసారిగా చల్లబడిందంటే చాలు, మిద్దెతోట వాళ్ళకి గుండెల్లో రాయి పడుతుంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి దగ్గర నేలంతా తెల్లగా అయిపోయిన వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. అంత పడక్కర్లేదు. శనగగింజంత వడగళ్ళు పది నిమిషాలు కొట్టినా టమాటా ఆకులు జల్లెడైపోతాయి, బీరతీగ పందిరి మీదే చీలికలు పీలికలై వేలాడుతుంది.

అయితే చూడ్డానికి కనిపించినంత నష్టం నిజంగా జరిగి ఉండదు. చాలా మొక్కలు రాళ్ళ దెబ్బకి చావవు, ఆ మర్నాడు మనం చేసే హడావుడి వైద్యానికి చస్తాయి. ఆ వైద్యం ఎక్కడ బెడిసికొడుతుందో ఇవాళ చూద్దాం.

వాన ఆగగానే మేడెక్కాలనిపిస్తుంది. ఉరుము వినిపిస్తున్నంతసేపూ ఎక్కకండి. వడగళ్ళు తెచ్చే మబ్బే పిడుగులూ తెస్తుంది. ఉరుములు పూర్తిగా ఆగాక అరగంట చూసి వెళ్ళండి. వెళ్ళగానే చేయాల్సింది ఒక్కటే: కుండీల్లో పేరుకున్న గడ్డల్ని చేత్తో తీసి బయట పోయడం. వేసవి మట్టిలో వెచ్చగా ఉన్న వేళ్ళ మీద మంచు కరుగుతూ కూర్చుంటే మొక్క వాడిపోతుంది. తర్వాత కుండీ అడుగున రంధ్రాలు చూడండి, మిద్దె మీద నీళ్ళు పోయే గొట్టం చూడండి. రాలిన ఆకులన్నీ కొట్టుకొచ్చి అడ్డం పడేది అక్కడే. సగం విరిగిన కాండాలు నిలబెట్టి కట్టడం తప్ప ఆ రోజుకి ఇంకే పనీ పెట్టుకోకుండా కిందికి వచ్చేయండి.

కత్తెర ముట్టుకోకండి. ఎందుకంటే తడి మీద కోస్తే ఒక మొక్క గాయంలోని తెగులు బ్లేడు మీదుగా పక్క మొక్కకి వెళ్తుంది. ఇంకో సంగతి, చిరిగిన ఆకు కూడా వంట చేస్తూనే ఉంటుంది. సగం మిగిలిన ఆకు సగం అన్నం పెడుతుంది. "చూడ్డానికి బాగోలేదు" అని చిరిగినవన్నీ గిల్లేస్తే కొత్త చిగురుకి పెట్టుబడి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, అప్పుడు తొడిమ విరిగి వేలాడేవి, నల్లగా నీరుకారుతున్నవి, ఈనె మాత్రమే మిగిలినవి తీసేయండి. సగానికి పైగా పచ్చగా ఉంటే వదిలేయండి, కొత్త ఆకులు విచ్చుకున్నాక అవే పండి రాలతాయి. కత్తెరని మొక్కకీ మొక్కకీ మధ్య స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

ఇప్పుడు అసలు ఉచ్చు ఎక్కడుందంటే, నీళ్ళలో. మొక్క తాగిన నీటిలో ఎక్కువ భాగం ఆకుల గుండానే ఆవిరైపోతుంది. ఆకులు సగం పోయాక నీటి ఖర్చూ బాగా తగ్గిపోతుంది. మనమేమో పాపం దెబ్బతిందని రోజూ రెండు పూటలా పోస్తాం. మట్టి ఆరదు, వేళ్ళకి గాలి అందదు, వారం తిరక్కుండా కాండం మొదలు మెత్తబడుతుంది. అది చూసి "రాళ్ళవాన దెబ్బకి పోయింది" అంటాం. అది వేరుకుళ్ళు అండీ. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి, పొడిగా తగిలితేనే పోయండి. రాళ్ళు బాదిన మట్టి పైన చెక్కులా గట్టిపడి ఉంటుంది, దాన్ని పుల్లతో అరంగుళం మించకుండా గుల్ల చేసి ఎండుటాకులు పరవండి.

మర్నాడు మళ్ళీ 40 డిగ్రీల ఎండ వస్తుంది. నిన్నటిదాకా ఆకుల చాటున ఉన్న కాయలూ కొమ్మలూ ఇవాళ నేరుగా ఎండకి దొరుకుతాయి, టమాటా మీద తెల్లటి పొక్కులాంటి మచ్చ అప్పుడే పడుతుంది. వారం, పది రోజులు 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. లేకపోతే పాత నూలు చీర చాలు. నెట్‌ని చదునుగా మాత్రం కట్టొద్దు, ఒకవైపు వాలుగా కట్టండి. చదునుగా కడితే మళ్ళీ వాన వచ్చినప్పుడు గడ్డలు మధ్యలో కుప్పపడి, బరువుకి మొత్తం చిరిగి మొక్కల మీదే కూలుతుంది.

మందు సంగతి. గాయాల్లోంచి తెగుళ్ళు దిగకుండా, ఆకులు ఆరాక, ఎండ తగ్గిన వేళ కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరు నీటికి 3 గ్రాములు పిచికారీ చేయండి. బ్లైటాక్స్ పేరుతో దొరుకుతుంది. చెంచా లెక్క నమ్మకండి, వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. టమాటా, మిర్చి, నిమ్మ, దానిమ్మ, వీటికి ఇది బాగా అవసరం. నిమ్మకి మరీనూ, గజ్జితెగులు బ్యాక్టీరియా ఇలాంటి గాయాల కోసమే కాచుకుని ఉంటుంది. బీర, సొర, దోస లేత ఆకులు రాగి మందుకి మాడే అవకాశం ఉంది, వాటికి వద్దు. ఆకుకూరల జోలికి అసలే వెళ్ళొద్దు. మందు కొట్టాక లేబుల్ మీద ఉన్న గడువు దాకా కాయ కోయకండి. దుకాణంలో దీనితో పాటు యాంటీబయాటిక్ పొడి కూడా అంటగడతారు, ఇంటి మొక్కలకి అదెందుకండీ? అలాగే తెగుళ్ళని అణచడానికి మట్టిలో కలిపే ట్రైకోడెర్మా వాడేవాళ్ళు రెండు వారాలు ఆగండి. అది కూడా శిలీంధ్రమే, రాగి తగిలితే మనం పోసినదాన్ని మనమే చంపుకున్నట్టు.

పెరట్లో మామిడి, జామ, నిమ్మ ఉన్నవాళ్ళు గాలి వచ్చిన వైపు కొమ్మలు చూడండి. బెరడు చిట్లి ఉంటే ఆ వైపే ఉంటుంది. గోటితో కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే పచ్చదనం తగిలేదాకా వెనక్కి కోయాలి. వేలాడే బెరడు అంచుల్ని పదునైన కత్తితో నున్నగా చెక్కి, బోర్డో పేస్ట్ పూయండి. పచ్చి పేడ మాత్రం పులమకండి, పుండు మీద తడి నిలబెట్టినట్టవుతుంది.

పేస్ట్ ఇంట్లోనే చేసుకోవచ్చు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు, రాతిసున్నం 100 గ్రాములు, నీళ్ళు మొత్తం ఒక లీటరు. తుత్తాన్ని నలగ్గొట్టి ప్లాస్టిక్ బకెట్లో అర లీటరు నీళ్ళలో కరిగించండి. సున్నాన్ని మట్టి చట్టిలో కొద్దికొద్దిగా నీళ్ళు చల్లుతూ విరగనివ్వండి, అది సలసల కాగుతుంది, ముఖం దగ్గర పెట్టకండి. చల్లారాక మిగతా నీళ్ళు కలపండి. ఇప్పుడు రెండింటినీ మూడో ప్లాస్టిక్ గిన్నెలోకి ఒకేసారి పోస్తూ కర్రతో కలపండి. ఇనుప పాత్రలు వద్దు. లేత నీలం రంగులో దోసెపిండిలా వస్తుంది. అప్పుడు తుప్పులేని మామూలు ఇనుప మేకుని అందులో ఒక నిమిషం ముంచి తీయండి. మేకు మీద ఎర్రటి పొర పడిందంటే తుత్తం ఎక్కువైంది, అలాగే పూస్తే బెరడు మాడుతుంది. ఇంకాస్త సున్నపు తేట పోసి మళ్ళీ ముంచండి. ఎర్రబడకపోతే బ్రష్‌తో పూసేయండి. ఆ రోజుదారోజే వాడాలి. ఎన్నాళ్ళో గాలి తగిలి పొడైపోయిన సున్నం దీనికి పనికిరాదు, అది అప్పటికే సుద్దగా మారిపోయి ఉంటుంది.

టమాటా దగ్గరికి వద్దాం. తల విరిగిపోయినా బెంగపడకండి. ఆకుకీ కాండానికీ మధ్య చంకలో చిన్న చిగురు ఉంటుంది చూడండి, విరిగిన చోటికి కింద ఉన్న మొదటి బలమైన చిగురుని వదిలేస్తే అదే కొత్త తల. మామూలుగా ఈ పిలకల్ని గిల్లేస్తుంటాం కదా, ఈసారి గిల్లొద్దు. కాండం సగం విరిగి తోలు మీద వేలాడుతుంటే ఆ రోజే నిలబెట్టి, అటొకటి ఇటొకటి చీపురుపుల్లలు పెట్టి, మందుల షాపులో దొరికే పేపర్ టేపు చుట్టండి, పక్కన కర్ర పాతి కట్టండి. మూడు వారాలు విప్పకండి, విప్పేసరికి అక్కడ కణుపులా ఉబ్బి అతుక్కుని ఉంటుంది. పూర్తిగా తెగిన ముక్కనీ పారేయొద్దు. జానెడు ముక్కకి కింది ఆకులు తీసి, తడి కోకోపీట్‌లో (కొబ్బరిపొట్టు) సగం పూడ్చి నీడన ఉంచితే పది రోజులకల్లా వేళ్ళు పడతాయి. చిట్లిన కాయలు తీసేయండి. దోరకాయలు కోసి ఇంట్లో ముగ్గబెట్టండి, చెట్టు మీద ఉంచితే గాయం దగ్గర బూజు పడుతుంది.

మిర్చి పూత మొత్తం రాల్చేస్తుంది, మళ్ళీ పూతకి మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. వంగ మొండిది, అడుగు ఎత్తులో కోసేసినా మోడు నుంచి చిగురు తెస్తుంది. కరివేపాకుకి ఏం చేయక్కర్లేదు.

బెండ, దోస, తోటకూర విషయంలో ఓదార్పులు అనవసరం. రెండాకుల మొలక నడుమ మొగ్గ విరిగితే అది ఇక పెరగదు, పీకేసి ఆ వారమే కొత్త విత్తనం వేయండి. నలిగిన మొక్కని బతికించే లోపు కొత్త తోటకూర కోతకి వస్తుంది. పాలకూర అయితే మొదలుకి రెండు వేళ్ళ పైన కోయండి, మళ్ళీ వస్తుంది.

అరటాకు చీలికల్ని చూసి కంగారు పడొద్దు, మామూలు గాలికే చీలే ఆకు అది. నడిమి ఈనె విరిగితేనే కోయండి. బొప్పాయికి మాత్రం జాగ్రత్త కావాలి. తల విరిగితే లోపల డొల్లగా ఉన్న కాండంలోకి నీళ్ళు దిగి పైనుంచి కిందికి కుళ్ళుతుంది. గట్టి భాగం దాకా కోసి, పైన పాలిథిన్ కవర్ బోర్లించి దారం కట్టండి. పక్కన వచ్చే చిగుళ్ళలో ఒక్కదాన్నే ఉంచండి. మల్లెకి విరిగిన కొసలు కత్తిరిస్తే చాలు, కొత్త చిగురు మీదే మొగ్గ తొడుగుతుంది.

ఎరువు ఎప్పుడు అంటే, కొత్త చిగురు కంటికి కనిపించాకే. పది రోజులు పట్టొచ్చు. అంతకుముందు యూరియా వేస్తే, తీసుకునే ఆకుల్లేక ఆ ఉప్పు కుండీలోనే ఉండి వేళ్ళని కాలుస్తుంది. చిగురు వచ్చాక 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్ళలో కరిగే ఎరువు) లీటరుకి 5 గ్రాములు సాయంత్రం పిచికారీ, పది రోజులకి మరోసారి. 12 అంగుళాల కుండీకి రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్ట్. లేత చిగురుని పేనుబంక వెతుక్కుంటూ వస్తుంది, ఆకు కింద చూస్తూ ఉండండి. కనబడితే 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బునీళ్ళతో.

ఇక రాలిన మామిడికాయలు. వాటిని ఆవకాయకి వాడకండి, పైకి బాగున్నా దెబ్బ తగిలిన చోట లోపల కమిలి ఉంటుంది, జాడీ మొత్తం పాడవుతుంది. రెండు రోజులకి సరిపడా పప్పులోకి ఉంచుకుని, మిగతావి కడిగి, కమిలిన మేర చెక్కేసి, ముక్కలకి ఉప్పు పట్టించి ఒరుగులు పెట్టేయండి. ముక్క వంచితే ఫటుక్కున విరిగేదాకా ఎండాలి, మబ్బు వేస్తే మాత్రం ముందు వాటిని లోపల పెట్టండి.