కయోచిన్‌కు కాపలా

అందరికీ నమస్కారం.

జపాన్ యానిమే గురించి మాట్లాడమని ఎవరైనా పిలిస్తే, వేదిక మీదికి సాధారణంగా కత్తులో, రాక్షసులో, ఆకాశమంత రోబోలో వస్తాయి. ఈ సాయంత్రం అవేవీ లేవు. పదిహేనేళ్ల ఇద్దరు ఆడపిల్లల గురించి మాట్లాడతాను. ఒకరి పేరు రిన్ హోషిజోరా, మరొకరి పేరు హనాయో కోయిజుమి. ఇద్దరూ 'లవ్ లైవ్! స్కూల్ ఐడల్ ప్రాజెక్ట్' అనే ధారావాహికలో పాత్రలు. చిన్నప్పటి నుంచీ స్నేహితులు. తర్వాత ఒకే సంఘంలో ఐడల్స్, అంటే వేదికల మీద పాడి ఆడి అభిమానులను సంపాదించుకునే అమ్మాయిలు, అవుతారు. రిన్‌కు హనాయో అంటే అబ్బురం. ఆమెను ఎవరూ నొప్పించకూడదు, ఆమె వెనకబడిపోకూడదు అని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటుంది. ఆ కాపలాలో ఉన్న మంచిని, దానిలో దాగి ఉన్న చిన్న మోసాన్ని రెండింటినీ చూద్దామని నా ప్రయత్నం.

ధారావాహిక చూడనివారి కోసం నాలుగు మాటలు. టోక్యోలో అకిహబారా, కాండా ప్రాంతాల దగ్గర ఒతోనోకిజాకా అనే బాలికల పాఠశాల ఉంటుంది. ఇది కల్పితం. చేరే పిల్లలు తగ్గిపోయి బడి మూతపడే పరిస్థితి వస్తుంది. బడికి పేరు తెస్తే పిల్లలు చేరతారన్న ఆశతో హోనోకా అనే అమ్మాయి ఒక సంఘం మొదలుపెడుతుంది. చివరికి తొమ్మిది మంది అవుతారు. సంఘం పేరు మ్యూజ్. 2010లో ఒక మాసపత్రిక, ఒక సంగీత సంస్థ, ఒక యానిమేషన్ స్టూడియో కలిసి ఈ ప్రాజెక్టును ప్రారంభించాయి. టీవీలో మొదటి భాగం 2013 జనవరిలో, రెండోది 2014 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఒక్కోదానిలో 13 ఎపిసోడ్లు. ఆ పాత్రలకు గొంతునిచ్చిన నటీమణులే వేదికల మీద పాడి ఆడారు. 2016లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో టోక్యో డోమ్‌లో 'ఫైనల్' పేరుతో వారి కచేరీ జరిగింది.

కథలోకి వెళ్లేముందు కథ బయటి విషయం ఒకటి చెప్పాలి. పాటలో నడిమధ్య ఎవరు నిలబడాలన్నది ఆ మాసపత్రిక పాఠకుల ఓట్లతో తేలేది. తొమ్మిది మందిని మూడు చిన్న జట్లుగా విడగొట్టినప్పుడు కూడా పాఠకుల మాటే నెగ్గింది. ఆ లెక్కలో రిన్ 'లిలీ వైట్' జట్టుకు, హనాయో 'ప్రింటెంప్స్' జట్టుకు పోయారు. ప్రాణ స్నేహితులు చెరో దిక్కూ! అకిహబారాలోనే 2005లో థియేటరు తెరిచిన ఏకేబీ48 అనే నిజమైన ఐడల్ బృందం కూడా 2009 నుంచి అభిమానుల ఓట్లతో తన సభ్యులకు వరుస సంఖ్యలు ఇచ్చింది. ఐడల్ వ్యాపారం నడిచే తీరు అది. నువ్వు ముందుకు రావాలంటే నీ పక్కనున్న పిల్ల వెనక్కి పోవాలి. అలాంటి ఏర్పాటు నుంచి పుట్టిన కథలో ఇద్దరు స్నేహితులు నడిమధ్య చోటును 'నువ్వు తీసుకో' అంటే 'నువ్వే తీసుకో' అని ఒకరికొకరు ఇచ్చుకోవడం నాకు మొదటిసారి చూసినప్పుడు విడ్డూరంగానే అనిపించింది.

ఇక పిల్లల దగ్గరికి వద్దాం. హనాయోకు ఐడల్స్ అంటే చిన్ననాటి నుంచీ పిచ్చి. కానీ తరగతిలో పాఠం పైకి చదవమంటే గొంతు పెగలదు. కళ్లద్దాలు, వంచిన తల, నలుగురిలో నిలబడితే చెమటలు. రిన్ దీనికి పూర్తిగా ఎదురు. పొట్టి జుట్టు, ఎప్పుడూ పరుగే, మాట చివర పిల్లి కూతలా 'న్యా' అని తగిలిస్తుంది. పాపం, పిల్లులు ఆమె ఒంటికి పడవు. హనాయోను ముద్దుగా 'కయోచిన్' అని పిలుస్తుంది. మన వాడల్లో ఇలాంటి పిల్లను మగరాయుడు అనేస్తారు. అది ఎంత గుచ్చుకునే మాటో తర్వాత చూద్దాం.

మొదటి భాగం మూడో ఎపిసోడ్‌లో హోనోకా, మరో ఇద్దరు స్నేహితురాళ్లు తొలి ప్రదర్శన పెడతారు. తెర లేస్తుంది. ఆడిటోరియంలో ఒక్క మనిషి లేడు. ఆ ఖాళీ కుర్చీల మధ్యకు ఎగశ్వాసతో పరుగెత్తుకొచ్చిన మొదటి ప్రేక్షకురాలు హనాయో. ఆమెను వెతుక్కుంటూ రిన్ వస్తుంది. గమనించండి, అప్పటికి రిన్ తన స్నేహితురాలిని పరుగుపందేల క్లబ్బు వైపు లాగుతూ ఉంటుంది. ప్రేమే, కానీ తన ఇష్టం వైపు లాగే ప్రేమ. పాట మొదలయ్యాక హనాయో ముఖంలో వెలుగు చూస్తుంది. అక్కడి నుంచి రిన్ దారి మార్చుకుంటుంది. కాపలాకు కావలసిన మొదటి గుణం ఇదేనేమో, ఎదుటి మనిషి ముఖం చదవగలగడం.

నాలుగో ఎపిసోడ్ అంతా ఈ ఇద్దరిదే, మాకి నిషికినో అనే మరో అమ్మాయితో కలిపి. నువ్వు అంత ముచ్చటగా ఉంటావు, చేరితే తప్పకుండా పేరొస్తుంది అని రిన్ హనాయోను పోరుపెడుతుంది. హనాయో నసుగుతుంది. చివరికి మెల్లగా ఒక మాట అడుగుతుంది: నేను చేరితే నువ్వు కూడా నాతో వస్తావా? రిన్ వెంటనే నవ్వేసి తోసిపుచ్చుతుంది. నాకు జుట్టు పొట్టి, ఆడపిల్లలా ఉండను, నాకు నప్పదు. ఎంత తేలిగ్గా అనేస్తుందంటే, చూసేవాడు దాన్ని వినయం అనుకుని దాటిపోతాడు.

కొద్దిసేపటికి ఒక జ్ఞాపకం కనిపిస్తుంది. చిన్న తరగతిలో ఉన్నప్పుడు రిన్ ఒకరోజు స్కర్టు వేసుకుని బయలుదేరుతుంది. హనాయో చూసి బాగుందంటుంది. అంతలో తోటి మగపిల్లలు ఎగతాళి చేస్తారు, రోజూ ప్యాంటు వేసుకునేదానివి ఇవాళ ఇదేమిటని. రిన్ నవ్వుతూనే ఇంటికి పరుగెత్తి బట్టలు మార్చుకుంటుంది. అంతే దృశ్యం. ఏడుపు లేదు, ఎవరినీ తిట్టడం లేదు. పక్కనున్న సాక్షి మాత్రం ఒక్కతే, హనాయో.

ఎపిసోడ్ చివర మాకి ఒక చేయి, రిన్ ఒక చేయి పట్టుకుని హనాయోను హోనోకా వాళ్లు సాధన చేసే మేడ మీదికి ఈడ్చుకుపోతారు. ఆ పిల్ల 'దరెకా తసుకెతే' అని కేకపెడుతుంది. ఎవరైనా కాపాడండి అని. తర్వాత్తర్వాత కచేరీల్లో ఈ కేక వినిపించగానే వేల మంది అభిమానులు 'చొత్తో మత్తెతే', కాస్త ఆగమ్మా అని ముక్తకంఠంతో బదులు పలకడం ఆచారమైంది. నాకు దానిలో నచ్చే తమాషా ఏమిటంటే, కాపాడమని ఆమె అరుస్తున్నది తనను కాపాడుతున్నవాళ్ల నుంచే. మేడ మీద ఆ ఇద్దరూ చేతులు వదిలేసి వీపు మీద చిన్నగా తోస్తారు. చేరతానన్న మాటను హనాయో తన గొంతుతో, కన్నీళ్లతో తానే చెప్పుకుంటుంది. రిన్ ఆమె తరఫున మాట్లాడదు. ఈ ఒక్క పనికే రిన్‌కు నేను నమస్కారం పెడతాను. స్నేహితుల తరఫున మాట్లాడి వాళ్లకు నోరు లేకుండా చేసే ఆప్తులను మనం చాలామందిని చూశాం.

ఆ తర్వాత రిన్, మాకి కూడా సంఘంలో చేరిపోతారు. కథ సుఖాంతం అనుకుంటాం. కానీ రిన్ ఎలా చేరింది? హనాయో తోడుగా. ఆమె పక్కన, ఆమె వెనక. 'కయోచిన్ అందంగా ఉంటుంది' అని రోజుకు పదిసార్లు అనేపిల్ల, తన గురించి ఆ మాట ఎవరైనా అంటే వినదు. నా అభిప్రాయం ఇది, మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. రిన్ హనాయోను కాపాడుతున్నట్టు కనబడుతూ, ఆమె చాటున తానే దాక్కుంది. కాపలా కాసేవారి ముఖం ఎప్పుడూ ఎదుటివారి వైపే ఉంటుంది కాబట్టి, వాళ్లలో ఏముందో అడిగేవారుండరు. ఆ మగపిల్లల నవ్వు మళ్లీ వినబడకుండా ఉండటానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

దాన్ని కనిపెట్టిన మనిషి ఎవరు? తొమ్మిది మందిలో అందరికంటే పిరికిదని పేరుపడ్డ హనాయో.

రెండో భాగం ఐదో ఎపిసోడ్. రెండో సంవత్సరం పిల్లలు ముగ్గురు, హోనోకాతో సహా, ఒకినావాకు విహారయాత్ర వెళ్లి తుఫానులో చిక్కుకుపోతారు. ఇక్కడ ఆరుగురే మిగిలారు, ఒక ఫ్యాషన్ షోలో పాడాలి. తాత్కాలిక నాయకత్వం రిన్ నెత్తిన పెడతారు. మూడో సంవత్సరం వాళ్లు వెళ్లిపోయాక సంఘాన్ని నడపాల్సినవాళ్లు ఎవరో ఇప్పుడే అలవాటు పడాలి కదా అని పెద్దపిల్లల ఆలోచన. అంతవరకూ రిన్ తడబడుతూ నెట్టుకొస్తుంది. అసలు గండం తర్వాత వస్తుంది. నాయకురాలు వేసుకోవాల్సింది పెళ్లికూతురి దుస్తుల్లాంటి తెల్లగౌను. రిన్ ఒక్కసారిగా వెనక్కి జరుగుతుంది. నాకు నప్పదు, కయోచిన్‌కు ఇవ్వండి. పాత మాట, పాత నవ్వు. సరేనని ఆ చోటు హనాయోకు ఇచ్చేస్తారు.

హనాయో ఇక్కడ ఏం చేసిందో నెమ్మదిగా చూడాలి. 'లేదు, నువ్వే వేసుకోవాలి' అని వాదించదు. చిన్ననాటి సంగతి నలుగురిలో ఎత్తి రిన్‌ను సిగ్గుపడనివ్వదు. ఇచ్చిన చోటును మౌనంగా తీసుకుంటుంది. దూరాన ఉన్న హోనోకాతో ఫోనులో మాట్లాడుతుంది. మిగిలినవాళ్లను ఒప్పిస్తుంది. ప్రదర్శన రోజు రిన్ వచ్చి చూసేసరికి హనాయోతో సహా ఐదుగురూ సూటు తరహా దుస్తుల్లో తయారై నిలబడి ఉంటారు. తెల్లగౌను ఒక్కటే మిగిలింది. కయోచిన్ పొరపాటున వేరేది వేసుకుందని రిన్ కంగారుపడుతుంది. పొరపాటేమీ లేదు, అది నీదేనని హనాయో చెబుతుంది. మాకి కూడా వంతపాడుతుంది. మేడ మీద ఆ రోజు హనాయో వీపును తోసిన చేతికి ఇప్పుడు బదులు అందింది.

నిజం చెప్పాలంటే ఇది ఒకరకంగా బలవంతమే. తప్పించుకునే దారి మూసేశారు. మరి దీనికీ, ఇష్టం లేని పిల్లను ముస్తాబు చేసి నలుగురి ముందు నిలబెట్టడానికీ తేడా ఏమిటి? తేడా ఆ స్కర్టు జ్ఞాపకంలో ఉంది. రిన్ స్కర్టు వేసుకున్న రోజున ఆమె ముఖంలో ఉన్న సంబరాన్ని హనాయో చూసింది. వద్దు అన్నది రిన్ మనసు కాదని, ఆ పిల్లల నవ్వు అని తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. అది తెలియని వేరెవరు ఈ పని చేసినా తప్పే అయ్యేది. నాయకురాలు హోనోకా ఊళ్లోనే ఉండి ఇదే పని చేసి ఉంటే నేను మెచ్చుకునేవాణ్ని కాను.

ఈ ఎపిసోడ్ మీద నాకున్న పేచీ కూడా చెప్పాలి. ఆడతనానికి కొలబద్దగా పెళ్లిగౌనే ఎందుకు దొరికింది? పొట్టి జుట్టుతో, ప్యాంటుతో, చెమటతో పరుగెత్తే రిన్ కూడా అందగత్తేనని చెప్పే ధైర్యం రచయితలకు లేకపోయిందా? ఎపిసోడ్ చివర ఆమె సాధనకు స్కర్టు వేసుకుని రావడాన్ని విజయంగా చూపిస్తారు. ప్యాంటు వేసుకునే అమ్మాయిలు అది చూసి ఏమనుకోవాలి? చాలాకాలం ఈ అసంతృప్తితోనే ఉన్నాను. ఇప్పుడు కొంత మెత్తబడ్డాను, పూర్తిగా కాదు. రిన్‌కు కావలసినది, ఆమె నుంచి లాక్కున్నది ఒకటుంది. దాన్ని తిరిగి ఇచ్చారు, ఆ మేరకు న్యాయమే. ఆ కథ రిన్ ఒక్కర్తిదిగా ఉంటే బాగుంటుంది, ఆడపిల్లలందరికీ నియమంగా మారితే బాగుండదు.

హనాయోను నేను మరీ దేవతను చేసేస్తున్నానేమో. కాస్త దించుతాను. ఈ పిల్లకు తెల్లన్నం అంటే మహా ప్రీతి. ఎంత ప్రీతి అంటే, రెండో భాగం ఏడో ఎపిసోడ్‌లో హోనోకాతో పాటు లావెక్కి, తిండి తగ్గించాలన్న ఆంక్షలు ఎదుర్కొంటుంది. కూర, పచ్చడి దాకా పోనక్కర్లేదు, వేడివేడి అన్నం చూస్తే చాలు, ఆమె కళ్లు చెమరుస్తాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఈమెకు తప్పకుండా అభిమాన సంఘాలు ఉండాలి, ఎందుకు లేవో అర్థం కాదు. రిన్‌కు రామెన్ నూడుల్స్ ఇష్టం. స్నేహానికి తిండి ఒకటే కానక్కర్లేదు.

వీళ్లది స్నేహమా, ప్రేమా అని అభిమానులు వాదించుకుంటూ ఉంటారు. ఎవరికి తోచినట్టు వాళ్లు చూడవచ్చు, కథ ఆ తలుపు మూయలేదు, తెరవనూ లేదు. నాకు ఆ వాదన కంటే ఇద్దరి మధ్య జరిగిన ఇచ్చిపుచ్చుకోవడం మీదే ఆసక్తి.

రెండో భాగం చివరి ఎపిసోడ్‌లో మూడో సంవత్సరం వాళ్లు బడి దాటి వెళ్లే రోజు వస్తుంది. మ్యూజ్ భాగమైన ఐడల్ పరిశోధన క్లబ్బును మొదట్లో ఒంటరిగా మోసుకొచ్చిన నికో యజావా, వాళ్లలో ఒకతె, ఇక దాన్ని ఒకటో సంవత్సరం పిల్లల చేతుల్లో పెడుతుంది. అధ్యక్షురాలు హనాయో. ఉపాధ్యక్షురాలు మాకి. నాయకురాలు రిన్. తరగతిలో పాఠం చదవలేకపోయిన పిల్ల ఇప్పుడు క్లబ్బు తరఫున మాట్లాడాలి. ఎప్పుడూ మరొకరి పక్కన నిలబడిన పిల్ల ఇప్పుడు ముందు నడవాలి. కొత్తగా చేరబోయే పిల్లల్లో ఎవరో ఒకరు తనకు ఇది నప్పదు అంటూ తలుపు దగ్గరే ఆగిపోతారు. అప్పుడు ఈ ఇద్దరిలో ముందుగా ఎవరు గమనిస్తారు, రిన్‌నా, హనాయోనా? నా పందెం హనాయో మీద. మీ పందెం ఎవరి మీదో ఇప్పుడు చెప్పండి, వింటాను.